గుడి గోడ మీది ఎర్ర కాగితం

మా ఊళ్లో సముద్రాన్ని కాచే మాజు అమ్మవారి గుడికి ఎవరేమిచ్చారో ఎర్ర కాగితం మీద నల్ల సిరాతో రాసి గోడకు అంటిస్తారు. గుడికి వచ్చినవాళ్లు అమ్మవారి ముందు అగరొత్తులు వెలిగించకముందే ఆ గోడ చదువుతారు. ఎవరి పేరు ఉందని కాదు, ఎవరి పేరు లేదని చదువుతారు. ఈ సంగతి పైఊరివాళ్లు పట్టుకోలేరు. వెంగ్ మేడమ్ పట్టుకుంది. పట్టుకున్నందుకే ఆమె పేరు దేశమంతా తెలిసింది. పట్టుకున్నందుకే ఇదంతా జరిగింది.

వెంగ్ హుయి-లాన్ కిడ్నీల డాక్టరు. నేను ఆమె దగ్గర పరిశోధన చేశాను, తర్వాత ఆమె దగ్గరే ఉద్యోగంలో చేరాను. యున్‌లిన్ తీరంలో ఆల్చిప్పలు ఒలిచి బతికే మా టింగ్ ఇంటిపేరువాళ్లలో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. మేడమ్ నన్ను తీసుకున్నది నా మార్కులు చూసి కాదని మొదటిరోజే చెప్పింది.

"మీ ఊరి భాష నీకొచ్చు, అది చాలు. మీ ఊరివాళ్లు ఎప్పుడు అబద్ధం చెబుతారో కూడా తెలిస్తే ఇంకా మంచిది," అంది.

తెలుసునన్నట్టు తలూపాను.

మా తీరంలో ఏ సందులో చూసినా కడిగించుకోవడానికి వెళ్లేవాళ్లు ఒకరైనా ఉంటారు. కిడ్నీలు కడిగించుకోవడమని మా వాడుక. రోజు విడిచి రోజు క్లినిక్ వ్యాను ఇంటి ముందుకొస్తుంది, మనిషిని ఎక్కించుకుపోయి మిషను పక్కన పడుకోబెడుతుంది, మధ్యాహ్నానికి అన్నం డబ్బా చేతిలో పెట్టి దింపిపోతుంది. కొన్నాళ్లకు ఆ మనిషికి మూత్రం రావడం ఆగిపోతుంది, రక్తంలోని మురికంతా మిషనే తీయాలి. ఖర్చు మాత్రం లేదు. కిడ్నీలు పోయినవాళ్లకు బీమా కార్డు వేరే ఉంది. పండక్కి బియ్యం సంచి ఇచ్చే క్లినిక్కులు కూడా ఉన్నాయి. అదే కిడ్నీ ఇంకా కొనఊపిరితో ఉన్నప్పుడైతే ఇవేవీ లేవు. మందులు, పరీక్షలు, పథ్యం అన్నీ ఎవరి ఖర్చు వాళ్లదే.

"ఈ దేశం చచ్చిన కిడ్నీకి ఊరేగింపు చేస్తుంది, బతికున్న కిడ్నీకి గంజి పోయదు," అనేది మేడమ్. ముప్పై ఏళ్లుగా ఆమె చేసిన పనంతా ఈ ఒక్క మాటను రుజువు చేయడమే.

అందులో మొదటి పదేళ్లు నొప్పి పొడుల మీద పోయాయి. రేడియోలో పాటల మధ్య అమ్మే పొడులు. నడుం నొప్పి, తలనొప్పి, మనసు నొప్పి అన్నిటికీ ఒకటే పొట్లం. వాటిని ఏళ్ల తరబడి మింగినవాళ్ల కిడ్నీలు ఎలా ఎండిపోతాయో ఆమె తేల్చి రాస్తే, అమ్మేవాళ్లు ఆమె కారు అద్దాలు పగలగొట్టారు. ఆ తర్వాత పదేళ్లు రాజధానిలో కమిటీల చుట్టూ తిరిగింది. "కమిటీల్లో టీ చాలా బాగుంటుంది, ఆ-యున్. అది బాగున్నంతసేపు మనమేం చెప్పినా వింటారు," అని నాతో అనేది. చివరికి వాళ్లు ఆమెను వదిలించుకోవడానికి ఒక మాటన్నారు. ఒక్క ఊళ్లో జబ్బును ముందే పట్టి ఆపి చూపించు, అంకెలు దిగితే దేశమంతా పెడతాం, కిడ్నీ పోకముందే డబ్బు ఇస్తాం అన్నారు.

ఆమె మా ఊరు ఎంచుకుంది.

మొదటి శిబిరం గుడి వాకిట్లో పెట్టాం. రక్తం తీస్తామనేసరికి జనం వెనక్కి జరిగారు. మా సందులో ఆల్చిప్పల తెప్పలు నడిపే ఆ-థూ మామ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తీస్తానంటున్నావు సరే, మళ్లీ నింపే గొట్టం తెచ్చావా డాక్టరమ్మా?"

"నీకు గొట్టమెందుకు మామా? సాయంత్రానికి బీరుతో నువ్వే నింపుకుంటావుగా," అంది మేడమ్.

అందరూ పగలబడి నవ్వారు. నవ్వి, చొక్కా చేతులు దించుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

అందుకని రక్తం మానేసి మూత్రం పెట్టుకున్నాం. దానికెవరికీ పేచీ లేదు, పారబోసేదే కదా అన్నారు. కిడ్నీ చెడుతున్నకొద్దీ మూత్రంలోకి ప్రోటీన్ కారుతుంది, కాబట్టి పరీక్షకు అదీ సరిపోతుంది. నలభై దాటినవాళ్లకు మాత్రమే చేయడానికి డబ్బు వచ్చింది. ముందురోజు సాయంత్రం స్వచ్ఛంద సేవికలు ఇంటింటికీ తిరిగి పేరు రాసిన కప్పు ఇచ్చివస్తారు. పొద్దున లేవగానే వచ్చేది అందులో పట్టి, గుడి వాకిలికి తెచ్చి ఇస్తారు. ఏడాదికి నాలుగు విడతలు.

ఎర్ర కాగితం ఆలోచన మేడమ్‌దే. ప్రోటీన్ అంకె దిగినవాళ్ల పేర్లు 'కిడ్నీలు నిలుపుకున్న పెద్దలు' అని గుడి గోడ మీద, చందాల పేర్ల పక్కనే అంటించింది. దిగనివాళ్ల పేర్లు ఉండవు, అంతే. ఎవరినీ ఏమీ అనక్కర్లేదు.

ఎదురుపడితే మాత్రం అనేది. పడవల మీద ఆడవాళ్లు అరిచినట్టు అరిచేది.

"పిన్నీ, నా కళ్లలోకి చూడు. మళ్లీ పొడి వేశావు కదూ?"

"ఒక్కటంటే ఒక్కటే డాక్టరమ్మా, నడుం పట్టేస్తేనూ."

"నడుం పట్టేస్తే నడుమే పోతుంది. పొడి వేస్తే నువ్వే పోతావు. ఈసారి గోడ మీద నీ పేరు లేదు, పో."

తర్వాతి విడతకు ఆ పిన్ని పేరు గోడ మీద ఉంది. జనానికి ఆమె తిట్లంటే ప్రాణం. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె కారు వెనక వెల్లుల్లి జడలు, ఐసు పెట్టెలో ఆల్చిప్పలు, ఒకసారైతే కాళ్లు కట్టిన బాతు కూడా ఉంది. అంకెలు ఏడాదికేడాది దిగాయి. ఆమె వ్యాసం పెద్ద పత్రికలో వచ్చింది. విదేశీ డాక్టర్లు వచ్చి మా గుడి గోడ ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఎనిమిదో ఏడు వచ్చేసరికి మా ఊరి పద్ధతిని దేశమంతటా పెట్టడానికి కాగితాలు సిద్ధమయ్యాయి. వచ్చే కొత్త సంవత్సరం పండగ వెళ్లాక కమిటీ కూర్చుని అవునో కాదో చెప్పాలి. మేడమ్ ముప్పై ఏళ్లు ఆ ఒక్క అవును మీద ఆగి ఉన్నాయి.

సరిగ్గా ఆ ఏడే గుడి వెనక మా సందులో ఏడుగురి అంకెలు పెరిగాయి.

వసంతం విడతలో కాస్త, వేసవిలో మరికాస్త. ఏడుగురికీ ఒకేసారి, ఒకే సందులో. ఆ ఏడుగురిలో మా అమ్మ ఒకతి.

"ఆ సందులోకి కొత్త విషం ఏదో దిగింది," అంది మేడమ్. ఆమె గొంతులో బాధ ఉంది. దాని పక్కనే ఇంకొకటి కూడా ఉంది, వేట దొరికినవాళ్ల గొంతులో ఉండేది. "కమిటీ కూర్చునేలోపు అదేమిటో పట్టుకోవాలి, ఆ-యున్. లేకపోతే చూశారా, అంకెలు మళ్లీ పెరిగాయి అని మొత్తం మూలన పడేస్తారు."

పట్టుకోవడానికి మేము చేయనిది లేదు. బావులు తోడించాం. మేడ మీది తొట్లు గీకించాం. వెల్లుల్లి చేలల్లో కొట్టే మందులు, ఆల్చిప్పలు కడిగే ఉప్పునీళ్లు, గుడిలో తాగే టీ అన్నీ సీసాల్లోకెక్కి పట్నం పోయాయి. సందు మొదట్లో చో తాత మూలికల అంగడి ఉండేది. తనిఖీవాళ్లు వచ్చి సంచులు విప్పి, వేర్లూ బెరళ్లూ మూటగట్టి పట్టుకుపోయారు.

"నా కషాయం మా నాన్న తాగాడు, నేను తాగాను, ఈ గుడి పూజారి తాగాడు," అన్నాడు చో తాత, వాకిట్లో ఒలికిన మూలికలు ఏరుకుంటూ. "ఇన్నాళ్లూ మందు, ఇవాళ విషం అయిందా డాక్టరమ్మా?"

"తెలుసుకోవడానికే కదా తాతా," అంది మేడమ్.

ఏ విషమూ దొరకలేదని జవాబు వచ్చేసరికి శరత్కాలం వచ్చింది. ఆపాటికి ఆయన అంగడి షట్టరు దించేసి కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు. విషం దొరకలేదన్న సంగతి ఊళ్లో ఎవరికీ పట్టలేదు. షట్టరు దించాడంటే ఏదో ఉండే ఉంటుందన్నారు.

శరత్కాలం విడతలో అమ్మ అంకె చూశాను. ఆ అంకెకూ మిషనుకూ మధ్య ఇక ఎంతో దూరం లేదు. బస్సెక్కి ఊరికి పోయి, నాకేం రోగం లేదు వదలవే అని అరుస్తున్న అమ్మను మా ఆసుపత్రికి లాక్కొచ్చాను. సూది చూసి మొహం తిప్పుకుంటే పట్టుకుని రక్తం తీయించాను. మూత్రానికి పంపి తలుపు బయట నేనే నిలబడ్డాను.

జవాబు చూస్తే అమ్మ కిడ్నీలు ఎనిమిదేళ్ల కింద మేము మొదలుపెట్టినప్పుడు ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉన్నాయి. మంచివి కావు, మరీ చెడ్డవీ కావు. గుడి దగ్గర ఇచ్చిన అంకెకు దీనికి పొంతనే లేదు. పొరపాటేమోనని మళ్లీ చేయించాను. అదే వచ్చింది.

ఇంటికి తీసుకొచ్చేదాకా నేనేమీ అడగలేదు. అమ్మ వస్తూనే షెడ్డులో బల్ల ముందు కూర్చుని కత్తి తీసుకుంది. ఆల్చిప్పల కుప్ప ఆమె ఛాతీ దాకా ఉంది.

"అమ్మా, మొన్న గుడి దగ్గర ఇచ్చింది ఎవరిది?"

"ఎవరిదేమిటే? నా కప్పులో నాది కాక మాజు అమ్మవారిది ఉంటుందా?"

"నీది కాదు."

"అబ్బో! ఇంత చదువు చదివించింది అమ్మ ఉచ్చ మీద పంచాయితీ పెట్టడానికా?"

నేను అక్కడే నిలబడ్డాను. అమ్మ రెండు చిప్పలు విప్పింది. మూడోదానికి కత్తి జారింది.

"ఎదురింటి కిమ్ అక్క కోడలిది," అంది.

"థుయ్‌దా?"

"ఆ పిల్లదే. వియత్నాం నుంచి వచ్చినప్పుడు గుర్రప్పిల్లలా ఉండేది కదా, దానిది శుభ్రంగా ఉంటుందని కిమ్ అక్కే ముందు మొదలుపెట్టింది. తర్వాత ఒకరికొకరం."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటుంది చూడు! ఆవిడ మాట మీద పొడి మానేశానే నేను. నడుం విరిగిపోతున్నా నోట్లో వేయలేదు. అయినా అంకె దిగదే! రెండుసార్లు గోడ మీద నా పేరు రాలేదు. పండక్కి గుడికి పోతే అందరూ నా మొహం చూసేవాళ్లే, నీ కూతురు ఆవిడ దగ్గరేగా పనిచేసేది అని. నీ పరువేం కాను? ఆవిడ పరువేం కాను? అంత దూరం నుంచి తెల్లవాళ్లను వెంటేసుకుని వచ్చేది. వచ్చిన మనిషిని చిన్నబుచ్చి పంపమంటావా?"

"ఆ-థూ మామ కూడానా?"

"వాడు మొదట్లో మనవడిది పోసేవాడు. పిల్లాడు పట్నం పోయాక ఇటే వచ్చాడు. ఊరికే ఏం కాదులే, కిమ్ అక్క ఇంటికి చేపలిచ్చేవాడు."

"మరి ఈ ఏడు అంకెలు పెరుగుతుంటే ఎవరూ నోరు విప్పలేదేం?"

"ఎవరు విప్పాలి? నేను చెబితే ఆరుగురి పేర్లు పోతాయి, వాళ్లు చెబితే నా పేరు పోతుంది. అయినా అంత పెద్ద డాక్టరు, అదేమిటో ఆవిడే చెబుతుందిలే అనుకున్నాం."

ఏళ్ల తరబడి మా దగ్గర ఆ సందు ఏడుగురి అంకెలూ ఒకదానిలాగే ఒకటి వస్తున్నాయి. బాగున్న అంకెను ఎవరూ రెండోసారి చూడరు. చెడ్డాక చూశాం, చూసి బావులు తోడించాం.

అప్పుడు గానీ నాకు తట్టలేదు. పెరిగిన అంకె అమ్మది కాకపోతే, అది ఎవరిదో వాళ్లు ఎదురింట్లోనే ఉన్నారు.

థుయ్ షెడ్డులో కూర్చుని ఆల్చిప్పలు ఒలుస్తోంది. ప్లాస్టిక్ చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. వంగి ఆమె మోకాటి కింద వేలితో నొక్కాను. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది.

"ఏమిటే అది, మా కోడలు పిండిముద్ద అనుకున్నావా?" అంది కిమ్ పెద్దమ్మ లోపలినుంచి వస్తూ. "ఒళ్లు చేసిందిలే. ఇన్నాళ్లకు మా ఇంటి తిండి ఒంటబట్టింది. వచ్చినప్పుడు ఎండు రొయ్యలా ఉండేది."

"ఎప్పటినుంచి ఈ వాపు, థుయ్?"

"కొత్త సంవత్సరం పండగ అప్పటినుంచి అక్కా. అత్తకి చెప్పాను. ఉప్పుగాలికి అంతే అంది."

మరునాడు మేడమ్ తనే కారు నడుపుకుంటూ వచ్చింది. ముందురాత్రే ఫోనులో అంతా చెప్పాను. వచ్చి థుయ్ ఎదురుగా, ఆల్చిప్పలు ఒలిచే పొట్టి పీట మీద కూర్చుంది. రక్తపోటు చూసింది, కళ్ల కింద చూసింది, కాళ్లు చూసింది.

"ఎందుకిచ్చావమ్మా?"

థుయ్ అత్త వైపు చూసింది. అత్త గోడ వైపు చూసింది.

"అడిగారు డాక్టర్. పెద్దవాళ్లు అడిగితే కోడలు ఇవ్వాలి కదా. అందరూ నాది మంచిది అన్నారు. ఈ ఊరొచ్చాక నా వంట మంచిది కాదు అన్నారు, నా మాట మంచిది కాదు అన్నారు. అదొక్కటే మంచిది అన్నారు. అందుకని పొద్దున్నే లేచి చాలా నీళ్లు తాగేదాన్ని, అందరికీ సరిపోవాలని."

"నీకోసం ఒక్కసారైనా కప్పు అడగలేదా?"

"నాకు నలభై రాలేదు కదా డాక్టర్."

మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు చాలాసేపు అలాగే కూర్చుంది. నాడి చూడటం ఎప్పుడో అయిపోయింది.

ఆసుపత్రిలో కిడ్నీ ముక్క తీసి చూశారు. కుర్ర ఆడవాళ్లకు వచ్చే జబ్బు ఒకటుంది, ఒంట్లోని కాపలాయే తిరగబడి కిడ్నీని కొరుకుతుంది. మొదట్లో పట్టుకుంటే మాత్రలతో ఆగుతుంది. థుయ్‌కు ఆ మొదలు దాటిపోయి చాలా కాలమైంది.

తిరిగి వస్తున్నప్పుడు మేడమ్ కారు రోడ్డు పక్కన ఆపేసింది. చుట్టూ వెల్లుల్లి చేలు.

"కిడ్నీకి నోరు లేదని క్లాసులో చెబుతుంటాను కదా, చచ్చేదాకా అరవదని. ఆ పిల్ల కిడ్నీ అరిచింది, ఆ-యున్. విడత విడతకూ నా బల్ల మీదికొచ్చి ఏడు గొంతులతో అరిచింది. వసంతంలోనే ఆ అంకె మీద ఆ పిల్ల పేరు ఉండి ఉంటే ఇవాళ మాత్రలు మింగి ఆల్చిప్పలు ఒలుచుకుంటూ ఉండేది. నేను బావులు తోడించాను. ఆ ముసలాయన అంగడి మూయించాను."

"వాళ్లు అలా చేస్తారని మీరెలా అనుకుంటారు మేడమ్?"

"అనుకోవాలి. గోడ పెట్టింది నేను. పేరు లేకపోతే మనిషి ఏం చేస్తాడో తెలిసే పెట్టాను. పొడి మానేస్తాడనుకున్నాను. మానేశారు కూడా. మానేసినా అంకె దిగని మనిషి ఏం చేస్తాడో అది మాత్రం ఆలోచించలేదు."

పండగ వెళ్లాక కమిటీ కూర్చుంది. కాగితాలు మొయ్యడానికి నేనూ వెళ్లాను. అధ్యక్షుడు మేడమ్‌తో కలిసి చదువుకున్నవాడే. ఆమె లేచి మొత్తం చెప్పింది, కప్పులు, కోడలు, గోడ, అన్నీ. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"హుయి-లాన్, ఇలాంటి సందులు మీ ఊళ్లో ఇంకా ఉన్నాయా?" అన్నాడు అధ్యక్షుడు.

"తెలియదు."

"తెలియదంటే, మిగతావి నిజమే అయి ఉండొచ్చు."

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందుకే ఆగమంటున్నాను. ఇంకో ఊళ్లో మొదటినుంచి చేస్తాను. రక్తంతో చేస్తాను."

"ఆగితే ఈ డబ్బు మళ్లీ మిషన్లకే పోతుంది. ముప్పై ఏళ్లు నువ్వు అడిగిందే ఇస్తున్నామమ్మా. ఇచ్చేటప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంటావా?"

అతను అన్నది నిజం, అది ఆమెకు తెలుసు.

"డబ్బు ఇవ్వండి," అంది చివరికి. "గోడ వద్దు. అంకె దిగితేనే క్లినిక్కుకు డబ్బు అనొద్దు. అలా అంటే దేశమంతా ఎవరో ఒక కోడలిని వెతుక్కుంటుంది."

"పైవాళ్లకు నచ్చిందే ఆ గోడ కదా," అన్నాడతను, కాస్త జాలిగా. "ఆ ఏడుగురినీ తీసేద్దాం. నమూనాలు సరిగ్గా భద్రపరచలేదని రాసుకుందాం. నీకూ మాట రాదు."

టీ వచ్చింది. చాలా బాగుంది.

పథకం గోడతో సహా అమల్లోకి వచ్చింది. మేడమ్ కమిటీకి రాజీనామా ఇచ్చింది, తన వ్యాసాన్ని తనే వెనక్కి తీసుకుంది. పత్రికవాళ్లు ఆ సంగతి చివరి పేజీలో నాలుగు వాక్యాలు వేశారు. వ్యాసం వెనక్కి తీసుకున్న డాక్టరు దగ్గర ఏ విద్యార్థి చేరతాడు? ప్రయోగశాల సగం ఖాళీ అయింది. మిగిలిన సగంలో నేనున్నాను. పథకం పుస్తకం అట్ట మీద మాత్రం ఇప్పటికీ మా గుడి గోడే ఉంది. ఎర్ర కాగితం మీద మూడో పేరు మా అమ్మది. దగ్గరగా చూస్తే చదవొచ్చు.

థుయ్‌కు మిషను సూదుల కోసం చేతికి ఆపరేషన్ చేసి, కడగడం మొదలుపెట్టారు. కార్డు వచ్చింది.

"అదృష్టవంతురాలు. వ్యాను ఇంటి ముందుకొస్తుంది, అన్నం వాళ్లే పెడతారు, మాకేం ఖర్చు లేదు," అని కిమ్ పెద్దమ్మ గుడి దగ్గర అందరితో అంటుంటే విన్నాను. "ఆల్చిప్పలు ఒలవడానికే మనిషి లేకుండా పోయింది," అని కూడా అంది.

మళ్లీ శరత్కాలం వచ్చింది. మేడమ్ గుడి పెద్దలను అడిగి వాకిట్లో ఒక బల్ల వేయించుకుంది. సర్కారు పథకంతో సంబంధం లేదు, ఆమె సొంత పని. ఇరవై దాటిన ఎవరైనా రావొచ్చు. కప్పు ఇంటికివ్వం. గుడి పక్క మరుగుదొడ్డిలో ఇక్కడే పట్టివ్వాలి, తలుపు దగ్గర నేను నిలబడతాను. తర్వాత కాస్త రక్తం తీస్తాం.

వాకిలి అవతలి కొసన పథకంవాళ్ల బల్ల. అక్కడ సేవికలు పేర్లు రాసిన కప్పులు ఇంటికి పంచిపెడుతున్నారు.

జనం వచ్చారు. అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నారు. మా బల్ల దగ్గర ఆగి, "తిన్నావా డాక్టరమ్మా? చిక్కిపోయావే," అన్నారు. ఆల్చిప్పల సంచి ఒకరు, జామకాయలు ఒకరు బల్ల మీద పెట్టారు. పెట్టి, అవతలి బల్లకు పోయారు.

ఆ-థూ మామ మాత్రం నిలబడ్డాడు.

"ఈ వయసులో తలుపు దగ్గర కాపలా పెట్టి పోయిస్తావా డాక్టరమ్మా? మేం దొంగలమా?"

"కాదా మామా?"

"ఏం దొంగిలించాం? నీ దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయాం? నీకు మంచి అంకె ఇచ్చాం. ఎనిమిదేళ్లు ఇచ్చాం. నువ్వే కాదని పారేసుకున్నావు."

అతను కోపంగా అనలేదు. అతనికి నిజంగానే బాధ కలిగింది. ఇచ్చిన కానుక వాకిట్లో విసిరేస్తే కలిగే బాధ.

మా అమ్మ కూడా వచ్చింది. రెండు బల్లలకూ మధ్య కాసేపు తచ్చాడి, అవతలి బల్ల దగ్గర కప్పు తీసుకుంది. సంచిలో పెట్టుకుంటూ నా పక్కనుంచి పోయింది.

"ఈసారి నాదే పోస్తాలే," అంది నాకు మాత్రమే వినబడేలా.



మధ్యాహ్నానికి మా బల్ల మీద కప్పులన్నీ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. సర్దేద్దామా అని నేను అడగబోతుంటే క్లినిక్ వ్యాను గుడి ముందు ఆగింది. థుయ్ దిగింది. ఒక చేతికి కట్టు, రెండో చేతిలో అన్నం డబ్బా. మెల్లగా వాకిలి దాటి నేరుగా మా బల్ల దగ్గరకే వచ్చింది.

"ఇరవై దాటితే ఇవ్వొచ్చు అన్నారు కదా అక్కా."

నేను మేడమ్ వైపు చూశాను. ఆమె తలూపింది. కప్పు మీద థుయ్ పేరు రాశాను. రాసిన పేరు ఆమె ఒకసారి వేలితో తడిమి చూసుకుని, అన్నం డబ్బా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. తలుపు బయట నిలబడ్డాను. ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. తర్వాత కొళాయి తిప్పిన చప్పుడు, మళ్లీ కట్టేసిన చప్పుడు.

బయటికి వచ్చి కప్పు మేడమ్‌కు అందించింది. అది పొడిగా ఉంది.

"రావడం లేదు డాక్టర్. ఇంక రాదని మిషను దగ్గర నర్సమ్మ చెప్పింది. అయినా చూశాను." తలదించుకుని మళ్లీ అంది. "కొళాయి నీళ్లు పడదామనుకున్నాను. మీకు తెలిసిపోతుందని మానేశాను."

మేడమ్ లేచి నిలబడి ఆ కప్పును రెండు చేతులా అందుకుంది. మూత పెట్టి బిగించింది. పేరు బయటికి కనబడేలా తిప్పి, సీసాలు పెట్టే పెట్టెలో మొదటి గడిలో పెట్టింది.